గంజి పడిన కుడిచెయ్యి

రోజుకు ఒక పేజీ రాస్తే వేళ్ళు సాగుతాయని, ఆదోని ఆసుపత్రిలో నా చేతికి వ్యాయామం నేర్పిన అమ్మాయి చెప్పింది. ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. మొదట నా పేరు, మా ఊరి పేరు, రెండో ఎక్కం రాశాను. తర్వాత కూరగాయల పేర్లు రాశాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, అంతకంటే ఏం తోస్తుంది? అవన్నీ అయిపోయాక రాయడానికి ఇది ఒక్కటే మిగిలింది. మా వీధిలో ప్రతి ఇంటా పొయ్యి మీద ఏదో ఒకటి కాగుతూనే ఉంటుంది కాబట్టి, ఎవరికైనా పనికొస్తే మంచిదే.

నా పేరు నాగవేణి. మాది ఎమ్మిగనూరు. ఇంట్లో ఒక మగ్గం ఉంది. నా భర్త వీరేశ్, నేను వంతులు వేసుకుని నేసేవాళ్ళం. మా అత్త ఈరమ్మ నూలు కండెలు చుట్టేది. మాకు ఒక్కతే కూతురు, గౌరి. రెండో తరగతి చదువుతోంది.

శ్రావణ మాసం మొదలైన వారం అది. పొద్దున పది గంటలు అయి ఉంటుంది. గౌరి బడికి పోయింది. వీరేశ్ నూలు తేవడానికి బజారుకు పోయాడు. పోగులు గట్టిపడటానికి కొత్త పడుగుకు పెట్టాలని పెరట్లో రాళ్ళపొయ్యి మీద పెద్ద గిన్నెడు గంజి కాచాను. బాగా చిక్కబడింది. దించుతుంటే చేతిలో గుడ్డ జారింది. గిన్నె ఒరిగి గంజి నా కుడిచేతి మీద పడింది, వేళ్ళ నుంచి మోచేతి దగ్గరదాకా.

మరిగే నీళ్ళైతే పడి జారిపోతాయి. గంజి జారదు. అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. తెలివి తక్కువగా కొంగుతో తుడుచుకున్నాను. కొంగుతోపాటు పైచర్మం వచ్చింది. అప్పుడు అరిచాను.

అత్త పరుగున వచ్చింది. నేను నీళ్ళతొట్టి వైపు పోతుంటే రెక్క పట్టుకుని ఆపింది.

"నీళ్ళు ముట్టద్దు మే! నీళ్ళు తగిల్తే బొబ్బలు లేస్తాయి!"

"మంట అత్తా... తట్టుకోలేకపోతాండా."

"రవ్వంత ఓర్సుకో తల్లీ, మందు పూస్తా."

లోపలికి పోయి టూత్‌పేస్టు తెచ్చింది. వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద, ట్యూబు ఖాళీ అయ్యేదాకా పిండి పూసింది. ఒక్క నిమిషం చల్లగా ఉన్నమాట నిజమే. ఆ తర్వాత పైన పేస్టు ఎండి బిగుసుకుంటోంది, లోపల మంట పెరుగుతోంది. అత్త దాని మీద చల్లడానికి పసుపు డబ్బా మూత తీస్తుండగా వాకిట్లో హుసేనమ్మ గొంతు వినిపించింది.

హుసేనమ్మ మా వీధుల్లో గాజులు తొడిగే మనిషి. యాభై దాటి ఉంటాయి. శ్రావణంలో ఆమె అడుగుపెట్టని ఇల్లు ఉండదు. గాజులు కావాలా అని అడగడానికి వచ్చినామె, నా ఏడుపు విని, బుట్ట అరుగు మీద పెట్టి నేరుగా పెరట్లోకి వచ్చింది. చేతిని ఒక్క చూపు చూసింది.

"అరే అల్లా! ఈరమ్మా, ముందు ఇది కడగల్ల. నీళ్ళు తీసుకురా, జల్దీ!"

"నీళ్ళా? బొబ్బలు..."

"బొబ్బలొస్తే రానీ. పైన సల్లగా కనపడతాది గానీ లోపల ఇంకా ఉడుకుతానే ఉంది. ఇరవై నిమిషాలు నీళ్ళు పోస్తానే ఉండల్ల."

ఆ రోజు కొళాయి వచ్చే రోజు కాదు. తొట్టిలోని నీళ్ళే చెంబుతో ముంచి పోసింది. మరీ పైనుంచి కాకుండా, సన్నటి ధారగా, ఆపకుండా. ఫ్రిజ్‌లో ఐసు ఉందని అత్త అంటే, "ఐసు పెట్టద్దు, కాలిన తోలు ఇంకా సెడిపోతాది" అంది. నాలుగో చెంబుకో ఐదో చెంబుకో నాకు ఊపిరి ఆడింది. ఆ చల్లదనాన్ని ఈ జన్మకు మరిచిపోను.

తర్వాత ఆమె కళ్ళు నా గాజుల మీద పడ్డాయి. డజను మట్టిగాజులు, ఉగాదికి ఆమె చేత్తో తొడిగినవి.

"ఇవి తీసెయ్యల్ల."

అత్త ఒప్పుకోలేదు. "శ్రావణ మాసంలో ముత్తైదువ సేతి గాజులు పగలగొడతావా? నా కొడుకు బతకల్లనా వొద్దా?"

హుసేనమ్మ నీళ్ళు పోయడం ఆపకుండానే జవాబు చెప్పింది. "తొడిగింది నేనే, తీసేదీ నేనే. పాపమైతే నాకు తగలనీ. ఇంకో గంటకు ఈ సెయ్యి బూరె మాదిరి ఉబ్బుతాది. అప్పుడు ఈ గాజులే లోపలికి దిగుతాయి. తాడు బిగిచ్చినట్ల రక్తం ఆగిపోతాది. నీ కోడలికి సెయ్యి కావల్లనా, గాజులు కావల్లనా?"

అత్త పసుపు డబ్బా పక్కన పెట్టింది. పోయి మగ్గం పెట్టెలోంచి పటకారు తెచ్చి ఇచ్చింది. లాగితే చర్మం ఊడొస్తుందని, ఒక్కో గాజు కిందికి తడిగుడ్డ మడత దూర్చి, పటకారుతో చిట్లించింది హుసేనమ్మ. పన్నెండు గాజులు తీసింది. ఒక్క పెంకు కూడా నాకు గుచ్చుకోలేదు.

"ఉంగరాలేమన్నా ఉన్నాయా బిడ్డా?"

"లేవు" అన్నాను.

అబద్ధం చెప్పాను. ఉంగరం వేలికి మా అమ్మ ఉంగరం ఉంది, సన్నటి ఎర్రరాయి ఉంగరం. అమ్మ పోయినప్పుడు అక్క కమ్మలు తీసుకుంది, నేను ఉంగరం తీసుకున్నాను. గాజులు చిట్లుతున్న చప్పుడు వింటుంటే, తర్వాత దాన్నే కోస్తారని నాకు భయం వేసింది. ఆ వేలి దగ్గర పేస్టు ఇంకా పూర్తిగా పోలేదు. వేలు లోపలికి ముడుచుకున్నాను. అంత మంటలో నాకు ఆ తెలివి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఉతికి మడత పెట్టిన పంచె ఒకటి తెప్పించి చేతి మీద వదులుగా కప్పింది హుసేనమ్మ. అత్త బొబ్బల మీద చెయ్యి పెట్టబోతే, "వాటిని ముట్టద్దు" అంది. అప్పటికి వీరేశ్ వచ్చాడు. 108కు ఫోన్ చేశాడు. ఎమ్మిగనూరు ఆసుపత్రిలో ముడుచుకున్న వేళ్ళు విప్పకుండానే పైపైన కట్టు కట్టి, కాలింది చేతి వేళ్ళు కాబట్టి ఇక్కడ వద్దని ఆదోనికి పంపారు.

ఆదోనిలో కట్టు విప్పేసరికి వేలు నల్లబడుతోంది. ఉంగరం కండలో పూడుకుపోయింది. దాన్ని కోసి తీశారు. డాక్టరు కోప్పడలేదు, మామూలుగానే చెప్పాడు. "నీళ్ళు పోసి మంచిపని చేశారమ్మా. గాజులు తీయడం ఇంకా మంచిపని. ఈ ఉంగరం కూడా అప్పుడే తీసి ఉంటే ఈ వేలికి ఇంత కష్టం వచ్చేది కాదు."

వీరేశ్ వాళ్ళ అమ్మ వైపు తిరిగాడు. "పేస్టు పూసి కప్పెట్టినావు గదమ్మా. అందుకే ఎవురికీ కనపడలేదు."

అత్త తల వంచుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. నొప్పికి మూసుకున్నానని అందరూ అనుకున్నారు.

వినాయక చవితి ఆసుపత్రిలోనే గడిచింది. తొడ మీది చర్మం తీసి చేతికి అతికించారు. ఇంటికి పంపినా ఎమ్మిగనూరుకు పోలేదు. రోజు మార్చి రోజు కట్టు మార్చాలి కాబట్టి, ఆదోనిలోనే ఉండే మా అక్క ఇంట్లో ఉండిపోయాను. ఎమ్మిగనూరు ఎంత దూరమని? బస్సెక్కితే గంటలోపే. ఆ గంట దూరం నాకు సముద్రమంత అయింది.

అక్క బాగా చూసుకుంది. అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది. కానీ పొద్దున మెలకువ రాగానే చెవులు మగ్గం చప్పుడు కోసం వెతికేవి. అక్క వాళ్ళ వీధిలో ఆటోలు, పాల బండ్లు, పత్తి లారీలు, అన్ని చప్పుళ్ళూ ఉన్నాయి. ఆ ఒక్కటే లేదు. పెళ్ళికి ముందు మా పుట్టింట్లో, పెళ్ళయ్యాక అత్తింట్లో, ఆ చప్పుడు లేని పొద్దు నాకు ఎప్పుడూ తెల్లారలేదు. ఒకరోజు వీరేశ్‌తో ఫోన్‌లో ఆ మాట అంటే, ఫోను మగ్గం పక్కన పెట్టి నేశాడు. అరగంట విన్నాను. ఒకచోట చప్పుడు ఆగింది. పోగు తెగిందని తెలిసిపోయింది. ముడి వేయడానికి కట్టులోపల నా వేళ్ళు కదిలాయి. కదలబోయి ఆగిపోయాయి అనాలి.

గౌరి ఆదివారాలు వచ్చేది, వాళ్ళ అవ్వతో. అత్త వస్తే వీరేశ్ రాడు, వీరేశ్ వస్తే అత్త రాదు. ఒకే ఇంట్లో ఉంటూ తల్లీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. అన్నం గిన్నె ఆమె పెడితే ఆయన తినేవాడట, అంతే. ఆ సంగతి గౌరే చెప్పింది. "నాయన అవ్వతో పలకడంల్యా" అంది, బడిలో సంగతి చెప్పినట్లు.

మూడో ఆదివారం నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. ఆ రోజు కట్టు లేదు, గాలి తగలనివ్వమన్నారు. గౌరి గుమ్మంలోంచి పరుగెత్తుకొస్తుంటే, ఆత్రంకొద్దీ రెండు చేతులూ చాపాను. పిల్ల సగం దూరంలో ఆగిపోయింది. ఎర్రగా, మెరుస్తూ, గళ్ళు గళ్ళుగా ఉన్న ఆ చేతిని చూసింది. వెనక్కి పోయి అవ్వ చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది.

"అమ్మే గదా, పో" అంది అత్త.

"ఆ సెయ్యి అమ్మది కాదు" అంది గౌరి.

ఆ తర్వాత చేతిని కొంగులో దాచుకునేదాన్ని. గౌరి వచ్చేది, నా ఎడమపక్కన కూర్చునేది, బడి కబుర్లు చెప్పేది. కుడివైపుకు ఎప్పుడూ రాలేదు. రోజూ వాళ్ళ అవ్వ వేసే జడలు నేను వేసేవాటికంటే బిగువుగా, బాగా ఉండేవి. అది కూడా నాకు బాధగానే ఉండేది.

ఆసుపత్రిలో కట్లు మార్చే గది ముందు ఒక బెంచీ ఉంటుంది. అక్కడ కూర్చునేవాళ్ళకు ఒకరి పేర్లు ఒకరికి తెలియవు, గాయాలు తెలుస్తాయి. ఆస్పరి దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. చేలో పాము కరిస్తే ఇంట్లోవాళ్ళు కాలికి తాడు బిగించి కట్టి, బ్లేడుతో కోసి, మంత్రం వేయించి, ఆ తర్వాత తెచ్చారట. ప్రాణం నిలిచింది. కాలు మాత్రం ఇంకా పచ్చిపుండే.

"ఆ కట్టు కట్టకుండా, కోయకుండా, కాలు కదలనీకుండా పండుకోబెట్టి నేరుగా ఈడికి తెచ్చింటే సాలునంటమ్మా" అన్నాడాయన. "మావోళ్ళు మంచికే సేసినారు. ఎవుర్ని తిట్టేకయితాది?"

ఆయన జేబులో ఎప్పుడూ ఉడకబెట్టిన చెనక్కాయలు ఉండేవి. నేను ఒంటిచేత్తో వలుచుకోలేనని గమనించి, వలిచి గింజలు నా ఎడమ అరచేతిలో పెట్టేవాడు. మాట్లాడుతూనే వలిచేవాడు, నా ముఖం వైపు చూసేవాడు కాదు. మా నాయన ఉండి ఉంటే అలాగే చేసేవాడేమో.

"మావోళ్ళు మంచికే సేసినారు" అన్న ఆ మాట నన్ను వదల్లేదు. మా అత్త మంచికే చేసింది. నేను ఏం చేశాను?

దసరాకు ముందు ఆదివారం అత్తతో పాటు హుసేనమ్మ కూడా వచ్చింది. ఆదోనిలో గాజుల సరుకు తీసుకోవడానికి వచ్చి, నన్ను చూసి పోదామనుకుందట. చేతిని వెలుతురులోకి తిప్పి, గాజుల కొలత చూసేటప్పటిలా చూసింది. "ఈ సేతికి మల్లా నేనే తొడుగుతా" అంది. తర్వాత అత్త ముఖం చూసి అడిగింది, "ఏంది ఈరమ్మా, సగమైపోయినావు?"

అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా సేతులార పేస్టు పూసి కోడలి ఏలు పాడుజేసినా గదా. కొడుకు నా మొగం సూడడు."

"నా కూతురి కాలు మీద నూనె పడినప్పుడు నేను పూసింది అదే" అంది హుసేనమ్మ. "పేస్టు, దాని మీద సిరా. నర్సమ్మ నన్ను నిలబెట్టి తిట్టింది. ఆ తిట్లతోనే నాకు తెలిసింది. పుట్టుకతో ఎవురికి తెలుస్తాది?"

ఇంక నావల్ల కాలేదు. హుసేనమ్మ వెళ్ళేదాకా ఆగి, అక్క వంటింట్లో ఉండగా అత్తతో చెప్పేశాను. హుసేనమ్మ అడిగింది, నేను లేదన్నాను, వేలు ముడుచుకున్నాను, అమ్మ ఉంగరం కోస్తారని. పేస్టు వల్ల కాదత్తా, నా వల్ల.

అత్త నా ఉంగరం వేలి వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకు తెలుసు మే" అంది. "నువ్వు ఏలు ముడుసుకునేది నేను సూసినా."

"సూసినావా? మరి ఏంటికి సెప్పలేదు?"

"అమ్మ లేని దానివి. ఆ ఉంగరమన్నా ఉండనీలే అనుకున్యా. ఇట్లయితాదని నాకేం తెలుసు?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వానికి సెప్పాకు. భార్యాభర్తలు రేపు కలిసి బతకల్ల. నా మీద కోపమైతే ఎన్నాళ్ళుంటాది?"

ఆ మాట నేను వినలేదు. ఆ సాయంత్రమే వీరేశ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన "ఊ" అన్నాడు. కొంచెంసేపటికి మళ్ళీ "ఊ" అన్నాడు. మరుసటి ఆదివారం ముగ్గురూ ఒకే బస్సులో వచ్చారు. దారిలో వాళ్ళ అమ్మకు కిటికీ పక్కన సీటు చూపించి కూర్చోమన్నాడట. ఇన్నాళ్ళకు వాళ్ళ అమ్మతో అన్న మొదటి మాట అదేనట.

కార్తీకంలో ఇంటికి వచ్చాను. మూడు నెలలు దాటిపోయింది. ఇంటికి చేరితే బెంగ తీరుతుందనుకున్నాను. ఊరు వచ్చింది, ఇల్లు వచ్చింది, మగ్గం వచ్చింది. బెంగ మాత్రం వేరే రూపంలో కూర్చుంది. మగ్గం గుంటలో దిగి కూర్చుంటే కాళ్ళకు అంతా గుర్తుంది, ఎడమచేతికి గుర్తుంది. కుడిచేతికి పేక పోగును అటూ ఇటూ విసిరే నాడె పట్టు దొరకదు. ఉంగరం వేలు సగమే వంగుతుంది. అన్నింటికంటే కష్టం, పోగు తగిలినా తెలియకపోవడం. చూస్తేనే వేలి మీద పోగు ఉందని తెలుస్తుంది. ఇదివరకు చూడకుండానే తెగిన పోగును పట్టేదాన్ని. ఇప్పుడు అత్త పక్కన కూర్చుని కండెలు చుడుతున్నాను. ఆయన నేస్తుంటే చూస్తాను. కొన్ని రోజులు చూడలేక పెరట్లోకి పోతాను. పూర్తిగా తిరిగి వస్తుందా అని అడిగితే, వ్యాయామం నేర్పిన అమ్మాయి అవునని అనలేదు, కాదనీ అనలేదు. "మానకుండా చేయక్కా" అంది.

గౌరి ఇంట్లో కూడా నా ఎడమపక్కనే పడుకునేది.

పోయిన వారం, బడి నుంచి వచ్చి పెరట్లో ఆడుకుంటూ రేకుల గోడ దగ్గర జారి పడింది. రేకు అంచు పిక్క మీద కోసింది. "అమ్మా!" అని అరుస్తూ వచ్చింది. మోకాలి కింద నుంచి రక్తం కారి చెప్పు తడిసిపోయింది. అత్త అలవాటు కొద్దీ వంటింట్లోకి పరుగెత్తి కాఫీపొడి డబ్బాతో వచ్చింది. గడప మీద ఆగి నా వైపు చూసింది.

"ఏం సేయల్ల మే?"

"అది వొద్దత్తా. కొళాయి తిప్పు. ఉతికిన తెల్లగుడ్డ ఏదైనా తీసుకురా."

గౌరిని గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళతో మట్టి పోయేదాకా కడిగాను. రేకు ముక్క ఏదీ లోపల లేదు. అత్త ఇచ్చిన గుడ్డను మడిచి దెబ్బ మీద పెట్టాను. గట్టిగా నొక్కి పట్టాలి. పది నిమిషాలు నొక్కాలి, మధ్యలో తీసి చూడకూడదు అని కట్లు మార్చే గదిలో విన్నాను. ఎడమచేత్తో కాలు పైకెత్తి పట్టుకున్నాను, కాబట్టి నొక్కాల్సింది కుడిచేయి. నొక్కాను. గుడ్డ ఎర్రబడుతూనే ఉంది. ఆ చేతిలో అంత బలం లేదు.

"గట్టిగ పట్టుకోమ్మా, కారతాంది!" అంది గౌరి ఏడుస్తూనే.

"నా సేతికి సత్తవ సాలదు బంగారూ. అవ్వను..."

నేను మాట పూర్తి చేయకముందే పిల్ల ముందుకు వంగి, తన రెండు చేతులూ నా కుడిచేతి మీద పెట్టి, ఒళ్ళంతా బరువు వేసి నొక్కింది. ఆ అతికిన చర్మానికి వేడీ చల్లా సరిగా తెలియవు. బరువు తెలుస్తుంది. రెండు చిన్న చేతుల బరువు తెలిసింది.

అత్త డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. లోపల మగ్గం ఆగింది. ఏమైందని వీరేశ్ వచ్చి, టెటనస్ సూది వేయించడానికి బండి తీస్తానని బయటికి పోయాడు. గౌరి ఏడుపు ఆపి ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తప్పుల తడకగా లెక్కపెట్టింది, నేను దిద్దలేదు. గుడ్డ మీది ఎరుపు పెరగడం మానేసింది. కొత్తగా ఏమీ ఊరడం లేదు.

"అమ్మా, ఆగిందా? తీసేనా?"

"ఇంకొంచెంసేపు పట్టుకో" అన్నాను.